మద్దతు ముగిసిన ట్యాబ్లెట్టు నిర్వహణ

తయారీ సంస్థ నుండి సాఫ్టువేరు నవీకరణలు, భద్రతా సవరణలు రావడం ఆగిపోయిన పలక కంప్యూటరును మద్దతు ముగిసిన ట్యాబ్లెట్టు అంటారు. మద్దతు ముగిసినంత మాత్రాన పరికరం పాడైనట్లు కాదు. తెర, స్పీకరు, బ్యాటరీ బాగున్నంత కాలం అది పనిచేస్తూనే ఉంటుంది. అయితే దానిని నమ్మి అప్పగించదగిన పనులు తగ్గుతాయి. చదవడానికి, వినడానికి, చూడడానికి అది చాలాకాలం అక్కరకు వస్తుంది. డబ్బు, సంకేతపదాలు, గుర్తింపు పత్రాలతో ముడిపడిన పనులకు మాత్రం పనికిరాదు. ఈ తేడాను గుర్తించి, పరికరానికి తగిన పని కేటాయించడమే పాత ట్యాబ్లెట్టు నిర్వహణలో ముఖ్యమైన సూత్రం.

మద్దతు ముగియడం అంటే

మద్దతు ఒకేసారి కాక అంచెలంచెలుగా ముగుస్తుంది. మొదట ఆపరేటింగ్ సిస్టము యొక్క కొత్త రూపాంతరాలు రావడం ఆగుతుంది. తరువాత భద్రతా సవరణలు ఆగుతాయి. చివరకు అప్లికేషన్లను తయారుచేసేవారు కూడా ఆ పాత రూపాంతరాన్ని వదిలివేస్తారు. ఉదాహరణకు 2010లో విడుదలైన మొదటి ఐప్యాడ్, ఐఓఎస్ 5.1.1తో ఆగిపోయింది. వాట్సాప్ 2023 అక్టోబరు నుండి ఆండ్రాయిడ్ 5.0 కంటే పాత పరికరాలను వదిలివేసింది. గూగుల్ క్రోమ్ విహారిణి (బ్రౌజరు) 2025లో ఆండ్రాయిడ్ 8, 9 రూపాంతరాలకు కొత్త కూర్పులు ఇవ్వడం మానివేసింది.

ఇందుకు ముఖ్య కారణం హార్డువేరుకు, సాఫ్టువేరుకు మధ్య ఉన్న బంధం. ట్యాబ్లెట్టులోని ప్రాసెసరును తయారుచేసిన సంస్థ ఇచ్చే డ్రైవర్లు లేనిదే కొత్త ఆండ్రాయిడ్‌ను ఆ పరికరంలో నడపడం కష్టం. ఆ సంస్థ పాత ప్రాసెసరుపై పని ఆపితే, ట్యాబ్లెట్టు తయారీదారు కూడా ముందుకు సాగలేడు.

మరొక కారణం వెబ్‌సైట్ల గుర్తింపును ధ్రువీకరించే డిజిటల్ సర్టిఫికెట్లు. వీటికి గడువు ఉంటుంది. 2021 సెప్టెంబరు 30న అటువంటి ఒక మూల సర్టిఫికెట్టు గడువు తీరడంతో, అనేక పాత పరికరాలలో కొన్ని వెబ్‌సైట్లు తెరుచుకోలేదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయి, చాలాకాలం మూలన పడివున్న ట్యాబ్లెట్టులో తేదీ వెనక్కి వెళ్ళినా ఇదే ఇబ్బంది ఎదురవుతుంది. కనుక వెబ్‌సైట్లు తెరుచుకోనప్పుడు ముందుగా సెట్టింగులలో తేదీ, సమయం సరిచూడాలి.

తెలుగునాట నేపథ్యం

2011 అక్టోబరు 5న ఢిల్లీలో విడుదలైన ఆకాశ్ ట్యాబ్లెట్టును డేటావిండ్ సంస్థ కోసం హైదరాబాదులోని క్వాడ్ సంస్థ తయారుచేసింది. 7 అంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 ఎంబీ ర్యామ్ గల ఆ పరికరం ఆండ్రాయిడ్ 2.2పై నడిచేది. ఆండ్రాయిడ్‌లో తెలుగు లిపికి వ్యవస్థాగతమైన మద్దతు 2012లో వచ్చిన 4.1 రూపాంతరంతో లభించింది. అంతకు ముందటి పరికరాలలో సాధారణంగా తెలుగు అక్షరాల స్థానంలో గళ్ళు కనిపించేవి. ఆ రోజుల్లో తెలుగు చదువరులు ఒపేరా మినీ విహారిణిలో ఒక అమరిక మార్చుకొని, అక్షరాలను సర్వరులోనే బొమ్మలుగా మార్చి తెప్పించుకొని చదివేవారు. తయారీదారు ఇవ్వని సౌకర్యాన్ని వాడుకరులు వేరొక దారిలో సాధించుకున్న తొలి ఉదాహరణలలో ఇది ఒకటి.

ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ విషయానికి ప్రాముఖ్యం రావడానికి కారణం ప్రభుత్వ పాఠశాలలలో జరిగిన ట్యాబ్లెట్ల పంపిణీ. 2022 డిసెంబరు 21న ప్రారంభమైన మొదటి విడతలో 8వ తరగతి విద్యార్థులు 4,59,564 మందికి, ఉపాధ్యాయులు 59,176 మందికి, మొత్తం 5,18,740 ట్యాబ్లెట్లు ఇచ్చారు. ఇందుకైన వ్యయం రూ. 686 కోట్లు. 2023 డిసెంబరులో జరిగిన రెండవ విడతలో మరి 4,34,185 ట్యాబ్లెట్లు పంపిణీ చేశారు. అంతర్జాలం లేకపోయినా చదువుకొనేందుకు వీలుగా బైజూస్ సంస్థ పాఠాలను వీటిలో ముందే నింపి ఇచ్చారు. గోదావరి డెల్టాలోని రామచంద్రపురం పట్టణానికి, చుట్టుపక్కల గ్రామాలకు చెందిన ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు కూడా ఈ విధంగానే ట్యాబ్లెట్లు అందాయి. తూర్పు గోదావరి జిల్లాలో ఉండిన రామచంద్రపురం 2022 ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాలో చేరింది.

మొదటి విడతలో ఇచ్చినది శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్. 8.7 అంగుళాల తెర, 5,100 ఎంఏహెచ్ బ్యాటరీ గల ఈ నమూనా 2021లో ఆండ్రాయిడ్ 11తో విడుదలైంది. దీనికి ఆండ్రాయిడ్ 14 వరకు నవీకరణలు వచ్చాయి. పంపిణీ సమయంలో ప్రభుత్వం మూడు సంవత్సరాల వారంటీ ప్రకటించింది. మరమ్మతు అవసరమైతే గ్రామ, వార్డు సచివాలయాలలో ఇవ్వవచ్చునని తెలిపింది. ఆ లెక్కన మొదటి విడత వారంటీ 2025 డిసెంబరుతో ముగిసింది. వాటిని అందుకొన్న పిల్లలు 2024-25లోనే పదవ తరగతి పూర్తిచేశారు. 2024 జూలైలో బైజూస్ మాతృసంస్థపై దివాలా ప్రక్రియ ప్రారంభమైంది. ప్రజాధనంతో కొన్న ఈ లక్షలాది పరికరాలు చెత్తలోకి పోతాయా, లేక ఇంట్లో తమ్ముడికో చెల్లెలికో ఉపయోగపడతాయా అన్నది ఇకపై వాటి నిర్వహణపైనే ఆధారపడి ఉంది.

మొదట చేయవలసిన పనులు

* సెట్టింగులలో పరికరం గురించిన పుటను తెరచి ఆండ్రాయిడ్ రూపాంతరాన్ని, చివరి భద్రతా సవరణ తేదీని చూడాలి. ఆ తేదీ దాటి ఏడాది గడిచినా కొత్త సవరణ రాకపోతే మద్దతు ముగిసినట్లుగా భావించడం మంచిది.
* ఫోటోలు, పాఠాలు, ఇతర దస్త్రాలను కంప్యూటరులోకి గాని, పెన్‌డ్రైవులోకి గాని ప్రతి తీసుకోవాలి. మెమరీ కార్డు ఒక్కదానినే నమ్ముకోరాదు.
* ట్యాబ్లెట్టులో ఉన్న గూగుల్ ఖాతా పేరు, సంకేతపదం కాగితంపై వ్రాసి భద్రపరచుకోవాలి. ఆండ్రాయిడ్ 5.1 నుండి ఉన్న రక్షణ ఏర్పాటు వలన, తెర తాళం మరచిపోయి బయటి మీటల ద్వారా పరికరాన్ని తుడిచివేస్తే అది పాత ఖాతానే అడుగుతుంది. ఆ వివరాలు లేకపోతే మంచి ట్యాబ్లెట్టు కూడా నిరుపయోగమవుతుంది.
* ఆ తరువాతనే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. అవసరం లేని అప్లికేషన్లను తొలగించాలి. తొలగించ వీలుకాని వాటిని నిలిపివేయాలి. నిల్వస్థలంలో కొంత భాగం ఎప్పుడూ ఖాళీగా ఉంచితే వేగం తగ్గదు.
* విహారిణిని, వెబ్‌వ్యూ అనే భాగాన్ని అవకాశం ఉన్నంత కాలం ప్లే స్టోరు నుండి నవీకరించాలి. ఆండ్రాయిడ్ 5.0 నుండి ఇవి ఆపరేటింగ్ సిస్టముతో సంబంధం లేకుండా విడిగా నవీకరింపబడతాయి.

పాఠశాల నుండి వచ్చిన ట్యాబ్లెట్లలో పరికర నియంత్రణ సాఫ్టువేరు ఉన్నట్లయితే దానిని అనధికారికంగా తొలగించరాదు. పరికరాన్ని రీసెట్ చేస్తే అందులోని పాఠాలు కూడా పోయే అవకాశం ఉంది. కనుక ముందుగా పాఠశాల ప్రధానోపాధ్యాయుని సంప్రదించాలి.

భద్రత

భద్రతా సవరణలు ఆగిన తరువాత బయటపడే లోపాలు ఆ పరికరంలో ఎప్పటికీ అలాగే ఉండిపోతాయి. అందువలన బ్యాంకు లావాదేవీలు, యూపీఐ చెల్లింపులు, ఆధార్ సంబంధిత సేవలు పాత ట్యాబ్లెట్టులో చేయరాదు. ఇంటి పెద్దల ప్రధాన ఈ-మెయిలు ఖాతాను కూడా అందులో ఉంచరాదు. ఎందుకంటే ఇతర ఖాతాల సంకేతపదాలు మార్చుకొనే లేఖలు వచ్చేది ఆ ఖాతాకే. ట్యాబ్లెట్టు కొరకు వేరుగా ఒక ఖాతా తెరవడం ఉత్తమం.

సందేశాలలో వచ్చే ఏపీకే దస్త్రాలను ప్రతిష్ఠించుకోవడం అన్నిటికన్న ప్రమాదకరం. బ్యాంకు పేరుతోనో, ప్రభుత్వ పథకం పేరుతోనో వచ్చినా వాటిని తెరవరాదు. చదువుకొనేటప్పుడు వై-ఫై ఆపివేస్తే ప్రమాదం తగ్గడమే కాక బ్యాటరీ కూడా ఆదా అవుతుంది.

బ్యాటరీ సంరక్షణ

ట్యాబ్లెట్ల ఆయుష్షును నిర్ణయించేది ఎక్కువగా బ్యాటరీయే. లిథియం బ్యాటరీకి వేడి శత్రువు. పూర్తిగా నింపి ఉంచడం, పూర్తిగా ఖాళీ చేయడం కూడా దానికి మంచిది కాదు. సుమారు 20 నుండి 80 శాతం మధ్య ఉంచితే ఎక్కువకాలం మన్నుతుంది. నెలల తరబడి వాడకుండా దాచవలసివస్తే సగం చార్జితో ఆపివేసి దాచాలి. రెండు మూడు నెలలకొకసారి మళ్ళీ సగం వరకు నింపాలి.

గోదావరి డెల్టా వంటి తేమ ప్రాంతాలలో చార్జింగు రంధ్రంలో చెమ్మ, దుమ్ము చేరి తుప్పు పట్టే అవకాశం ఎక్కువ. వానాకాలంలో గోడకు ఆనించి గాని, కిటికీ పక్కన గాని ఉంచరాదు. తడిసిన పరికరాన్ని బియ్యంలో పెట్టడం చాలామందికి అలవాటు. బియ్యపు పొడి రంధ్రాలలో చేరి హాని కలుగవచ్చు కనుక ఇది మంచి పద్ధతి కాదు. పరికరాన్ని ఆపివేసి, పొడిబట్టతో తుడిచి, గాలి ఆడే నీడలో ఆరబెట్టాలి. పూర్తిగా ఆరేవరకు చార్జింగు పెట్టరాదు.

తెర అంచు లేచినా, వెనుక భాగం ఉబ్బినా బ్యాటరీ ఉబ్బినట్లే. వెంటనే వాడకం, చార్జింగు ఆపివేయాలి. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం వలన మంటలు రావచ్చు. దానిని అనుభవం గల మరమ్మతుదారుకే ఇవ్వాలి.

ఉపయోగాలు

మద్దతు ముగిసిన ట్యాబ్లెట్టును అంతర్జాలం అవసరం లేని పనులకు నిశ్చింతగా వాడుకోవచ్చు.

* పాఠ్యపుస్తకాలను పీడీఎఫ్ రూపంలో నింపుకొని చదవడం. అక్షరాలను పెద్దవి చేసుకొనే వీలు ఉండడం వలన చూపు మందగించిన వృద్ధులకు కూడా ఇది అనుకూలం.
* కివిక్స్ అనే ఉచిత అప్లికేషను ద్వారా తెలుగు వికీపీడియాను ఒక దస్త్రంగా దింపుకొని, అంతర్జాలం లేకుండా చదవడం.
* వీఎల్‌సీ ద్వారా పాటలు, పద్యాలు, పాఠాల వీడియోలు వినడం, చూడడం.
* గడియారంగా, ఫోటో ఫ్రేముగా, వంటింట్లో రేడియోగా వాడడం.

సంస్థ సర్వరుపై ఆధారపడిన అప్లికేషను, ఆ సర్వరు ఆగిననాడు ఆగిపోతుంది. దస్త్రంగా చేతిలో ఉన్న పుస్తకం ఆగదు. కాబట్టి పాఠాలను వీలైనంతవరకు పీడీఎఫ్, ఎంపీ3, ఎంపీ4 వంటి సాధారణ రూపాలలో ఉంచుకోవాలి.

ప్రత్యామ్నాయ ఆపరేటింగ్ సిస్టములు

కొన్ని నమూనాలకు స్వచ్ఛంద కార్యకర్తలు తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టములు లభిస్తాయి. సయనోజెన్‌మోడ్ మూతపడిన తరువాత 2016 డిసెంబరులో మొదలైన లీనియేజ్ ఓఎస్ వీటిలో ప్రసిద్ధమైనది. 2013 నాటి నెక్సస్ 7 ట్యాబ్లెట్టుకు గూగుల్ ఆండ్రాయిడ్ 6.0.1తో మద్దతు ముగించగా, లీనియేజ్ కార్యకర్తలు ఆండ్రాయిడ్ 11 ఆధారిత రూపాన్ని అందించారు.

ఈ పద్ధతికి బూట్‌లోడరు తాళం తీయాలి. అప్పుడు లోపలి సమాచారమంతా చెరిగిపోతుంది. శామ్‌సంగ్ పరికరాలలో నాక్స్ రక్షణ శాశ్వతంగా పోతుంది. సరిగా చేయకపోతే పరికరం పనిచేయకుండా పోవచ్చు. నమూనా సంఖ్యకు సరిగ్గా సరిపోయే రూపం దొరకనప్పుడు ఈ ప్రయత్నం మానుకోవడం మేలు.

విడిచిపెట్టవలసిన సమయం

బ్యాటరీ మార్పుకు అయ్యే ఖర్చు పరికరం విలువను మించినప్పుడు, లేదా తెర పగిలినప్పుడు మరమ్మతు లాభదాయకం కాదు. అప్పుడు ఖాతాలను తొలగించి, సమాచారం చెరిపి, మెమరీ కార్డు తీసివేసి ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వాలి. భారతదేశంలో 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమావళి ప్రకారం వీటి పునర్వినియోగ బాధ్యత తయారీదారులపై ఉంది. ట్యాబ్లెట్టును ఇంటి చెత్తతో కలిపి వేయడం, కాల్చడం, కాలువలో పారవేయడం తగదు. డెల్టాలో కాలువ నీరే పొలానికి, చాలా ఊళ్ళలో తాగునీటి చెరువుకు చేరుతుంది.

ఇవి కూడా చూడండి

* ట్యాబ్లెట్ కంప్యూటర్
* ఆండ్రాయిడ్
* ఆకాశ్ ట్యాబ్లెట్
* లిథియం అయాన్ బ్యాటరీ
* రామచంద్రపురం