ఆదేశాలు తగ్గించుకున్న చిప్

1974లో ఐబీఎం పరిశోధకుల ముందుకు ఒక టెలిఫోన్ లెక్క వచ్చింది. ఎక్స్ఛేంజిని కంప్యూటర్‌తో నడపాలి, సెకనుకు 300 కాల్స్ కలపాలి. ఒక్కో కాల్ వెనక వేల ఆదేశాల పని ఉంటుంది. మొత్తం కూడితే సెకనుకు కోటీ ఇరవై లక్షల ఆదేశాలు నడిపే యంత్రం కావాలని తేలింది. ఒక ఎక్స్ఛేంజి భరించగల ఖరీదులో అంత వేగం ఆ రోజుల్లో ఎక్కడా లేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని యార్క్‌టౌన్ హైట్స్ పరిశోధనాలయంలో ఈ చిక్కు జాన్ కాక్ అనే ఆయన చేతికొచ్చింది.

ప్రాసెసర్‌కు తెలిసిన ఆదేశాలు నిజానికి చాలా చిన్నవి. ఈ రెండు అంకెలు కూడు, మెమరీలో ఫలానా చోట ఉన్నది తీసుకురా, ఇది సున్నా అయితే అటు దూకు. ఎంత పెద్ద ప్రోగ్రామైనా చివరకు ఇలాంటి ఆదేశాల వరసగా మారాల్సిందే. అయితే తయారీదారులు ఏళ్ల తరబడి ఈ జాబితాను పెంచుకుంటూ పోయారు. అందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. అప్పట్లో మెమరీ ఖరీదైనదే కాదు, నెమ్మదైనది కూడా. ఒక్క ఆదేశంతో నాలుగు పనులు జరిగితే ప్రోగ్రామ్ పొట్టిదవుతుంది, మెమరీ దగ్గరికి తిరగడం తగ్గుతుంది. దానికి తోడు 1951లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త మారిస్ విల్క్స్ ప్రతిపాదించిన మైక్రోప్రోగ్రామింగ్ ఉంది. ప్రాసెసర్ లోపలే ఒక చిన్న ప్రోగ్రామ్ కూర్చుని, పెద్ద ఆదేశాన్ని చిన్న అడుగులుగా విడగొట్టి నడిపిస్తుంది. కొత్త ఆదేశం కావాలంటే సర్క్యూట్లు విప్పనక్కర్లేదు, ఆ లోపలి ప్రోగ్రామ్‌లో కొన్ని వరసలు చేరిస్తే చాలు. చేర్చడం అంత సులువైతే చేర్చకుండా ఎవరుంటారు? 1977లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ తెచ్చిన వ్యాక్స్ 11/780 నాటికి జాబితా దాదాపు 300కు చేరింది.

కాక్ బృందం ఊహలతో మొదలుపెట్టలేదు, లెక్కతో మొదలుపెట్టింది. ప్రోగ్రాములు నడుస్తున్నప్పుడు ఏ ఆదేశం ఎన్నిసార్లు పనిచేస్తోందో చూశారు. తేవడం, పెట్టడం, కూడడం, పోల్చడం, దూకడం... సమయమంతా ఇలాంటి కొద్దిపాటి పనులకే పోతోంది. మిగిలిన ఘనమైన ఆదేశాల జోలికి దాదాపు ఎవరూ వెళ్లడం లేదు. పెళ్లివంటకు కొన్న గంగాళంలో రోజూ రెండు కప్పుల కాఫీ కాచుకుంటున్నట్టు ఉంది వ్యవహారం. ఇలాంటి సూచన అంతకు ముందే ఒకటి వచ్చింది. 1971లో డొనాల్డ్ నూత్ ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాములను పరిశీలించి, ప్రోగ్రామ్‌లో 4 శాతం కంటే తక్కువ భాగమే సగానికి పైగా సమయాన్ని తినేస్తోందని చూపించాడు.

వాడని ఆదేశాలు ఊరికే పడి ఉంటే పోనీ అనుకోవచ్చు. కానీ వాటిని అర్థం చేసుకోవడానికి పెట్టిన అమరిక మధ్యలో అడ్డం ఉంటుంది. మామూలు కూడిక కూడా దాని గుండానే పోవాలి, దానికయ్యే ఆలస్యాన్ని భరించాలి. కాక్ ఆ అమరికనే తీసేశాడు. ఉంచిన ఆదేశాల్లో ప్రతిదీ వీలైనంత వరకు ఒక్క క్లాక్ సైకిల్‌లో ముగిసిపోయేలా చూశాడు.

ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడ ఒక సంగతి దాటేస్తారు. చిప్ వదిలేసిన పని మాయమైపోలేదు, కంపైలర్ నెత్తిన పడింది. మనిషి రాసిన ప్రోగ్రామ్‌ను యంత్రం ఆదేశాలుగా మార్చేది కంపైలరే. ఐదు చిన్న ఆదేశాలను ఏ వరసలో పేరిస్తే వేగంగా నడుస్తాయో, ఏ అంకెను ప్రాసెసర్ లోపలే రిజిస్టర్‌లో అట్టిపెట్టుకోవాలో ఇక అదే తేల్చాలి. కాక్, ఆయన సహచరి ఫ్రాన్సెస్ ఆలెన్ అప్పటికే ఏళ్లుగా కంపైలర్లను మెరుగుపరిచే పనిలో ఉన్నారు. అందుకే ఆయనకు చిప్‌ను పలచన చేసే ధైర్యం వచ్చిందని నా అభిప్రాయం. పని అందుకునేవాడు సిద్ధంగా లేకుండా ఆదేశాలను కోసేసి ఉంటే అది ఉత్త కోతగా మిగిలిపోయేది. తర్వాత ట్యూరింగ్ అవార్డు కాక్‌కు 1987లో, ఆలెన్‌కు 2006లో వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆమే.

టెలిఫోన్ ప్రాజెక్టు 1975లోనే ఆగిపోయింది. బృందం మాత్రం ఆగకుండా దాన్ని మామూలు కంప్యూటర్‌గా మలిచింది. వాళ్లు పనిచేసే భవనం నంబరే దాని పేరైంది: 801. వివరాలు చాలాకాలం ఐబీఎం గోడలు దాటలేదు. జార్జ్ రాడిన్ పేపరు బయటికొచ్చింది 1982లో.

ఆ లోపు అమెరికా పడమటి కొసన ఇంకొకాయన ఇదే చోటికి వేరే దారిలో వచ్చాడు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే డేవిడ్ ప్యాటర్సన్ 1979లో కొన్నాళ్లు వ్యాక్స్ తయారుచేసిన కంపెనీలోనే గడిపాడు. మైక్రోప్రోగ్రామ్‌లో తప్పులు పట్టుకోవడం ఎంత తలనొప్పో అక్కడ కళ్లారా చూశాడు. రేపటి చిప్‌లు కూడా ఇంత జటిలంగా ఉంటే తప్పులు దిద్దుకునే వీలు వాటిలోనే పెట్టాలని ఒక పేపరు రాసి పంపితే, చిప్‌లు చేసే పద్ధతేనా ఇది అని తిప్పికొట్టారు. అలాంటప్పుడు ఆ జటిలత్వం ఎందుకు అన్న ప్రశ్న అక్కడ పుట్టింది.

1980లో డేవిడ్ డిట్జెల్‌తో కలిసి ఆయన రాసిన వ్యాసంలో ఒక ఉదాహరణ వ్యాక్స్ అభిమానులకు గుచ్చుకుంది. పట్టికలో అంకె ఎక్కడుందో చూసి, హద్దు దాటలేదని తేల్చుకోవడానికి ఇండెక్స్ అనే ప్రత్యేక ఆదేశం అందులో ఉండేది. దాన్ని పక్కనపెట్టి అదే యంత్రంపై అదే పనిని నాలుగు మామూలు ఆదేశాలతో చేస్తే 45 శాతం వేగంగా అయిపోయింది. వ్యాక్స్ ఇంజనీర్లు వెంటనే ఘాటుగా జవాబిచ్చారు. తగవు ఏళ్ల తరబడి సాగింది.

ప్యాటర్సన్, కార్లో సెకాన్ విద్యార్థుల చేత ఒక చిప్ గీయించారు. రిస్క్-1 అనే ఆ చిప్‌లో 31 ఆదేశాలు, 44,420 ట్రాన్సిస్టర్లు. అప్పటి వాణిజ్య చిప్‌లలో సగం చోటు ఆదేశాలను నియంత్రించే భాగానికే పోయేది, ఇందులో అది 6 శాతం. మిగిలిన చోటును రిజిస్టర్లతో నింపారు. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ హెన్నెసీ ఇంచుమించు ఇదే దారిలో మిప్స్ చిప్ చేశాడు. 2017 ట్యూరింగ్ అవార్డును ప్యాటర్సన్, హెన్నెసీ పంచుకున్నారు.

బర్క్‌లీ పేపర్లు ఇంగ్లండులోని కేంబ్రిడ్జికీ చేరాయి. అక్కడి ఏకార్న్ అనే చిన్న కంపెనీకి బీబీసీ మైక్రో కంప్యూటర్‌తో మంచి పేరొచ్చింది, తర్వాతి యంత్రానికి సరైన ప్రాసెసర్ దొరకడం లేదు. 1983లో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అమెరికాలో అరిజోనా రాష్ట్రానికి వెళ్లి ఒక చిప్ కంపెనీని చూశారు. పెద్ద ఫ్యాక్టరీ ఊహించుకుని వెళితే బంగళాలో కొద్దిమంది కూర్చుని ప్రాసెసర్ గీస్తున్నారు. వీళ్లు చెయ్యగలిగితే మనమెందుకు చెయ్యలేమనుకుంటూ తిరిగొచ్చారు. విల్సన్ ఆదేశాల జాబితా రాసింది, బేసిక్ భాషలో దాని నమూనాను నడిపి చూసింది. ఫర్బర్ చిప్ అల్లిక చూసుకున్నాడు. ఏకార్న్ స్థాపకుల్లో ఒకడైన హెర్మన్ హౌసర్ తర్వాత సరదాగా చెప్పుకునేవాడు, పోటీదారులు ఇవ్వలేనివి రెండు తను ఇచ్చానని: డబ్బు లేకపోవడం, మనుషులు లేకపోవడం. ఆ మాటలో సరదా కంటే నిజమే ఎక్కువ. వందమంది ఇంజనీర్లు ఉంటే వందమందికీ తలా ఒక ఆదేశం చేర్చాలనిపిస్తుంది.

చిప్ 1985 ఏప్రిల్ 26న చేతికొచ్చింది. తొలిసారి పెట్టగానే పనిచేసింది. ఎంత విద్యుత్ తాగుతోందో చూద్దామని ఫర్బర్ మీటర్ తగిలిస్తే ముల్లు సున్నా దగ్గరే ఉంది. చూస్తే ఆ బోర్డు నుంచి చిప్‌కు అసలు కరెంటే అందడం లేదు, చుట్టుపక్కల సంకేతాల తీగల్లోంచి జారే కాస్త విద్యుత్తుతోనే నడుస్తోంది. ఇలా జరగాలని ఎవరూ అనుకోలేదు. చౌక ప్లాస్టిక్ తొడుగు వేడికి పాడవకుండా ఒక వాట్ లోపు ఉంటే చాలనుకున్నారు, కొలిచే సాధనాలు సరిగా లేక జాగ్రత్త ఎక్కువైంది, ఒక వాట్‌లో పదో వంతు దగ్గర ఆగింది. ఆ చిప్‌లో ట్రాన్సిస్టర్లు 25 వేలు. అదే ఏడాది అక్టోబర్‌లో ఇంటెల్ విడుదల చేసిన 386లో 2,75,000.

ఆ పొదుపు విలువ టేబుల్ మీది కంప్యూటర్లలో తెలియలేదు. 1990లో ఏకార్న్, యాపిల్, వీఎల్‌ఎస్‌ఐ టెక్నాలజీ కలిసి ఈ చిప్‌ల కోసం ఆర్మ్ కంపెనీ పెట్టినప్పుడు అందులో ఇంజనీర్లు పన్నెండు మంది. యాపిల్ ఆశపడ్డ న్యూటన్ పరికరం నిలబడలేదు. నోకియా వచ్చేసరికి పాత పేచీ బయటికొచ్చింది: చిన్న ఆదేశాలైతే ప్రోగ్రామ్ పొడవవుతుంది, ఫోన్‌లో మెమరీ ఎక్కువ కావాలి, ఖర్చు పెరుగుతుంది. 1970ల నాటి తయారీదారుల వాదన కూడా ఇదే! ఆర్మ్ ఇంజనీర్లు ఆదేశం సైజునే సగానికి కుదించారు, 32 బిట్ల చోట 16 బిట్లు. ఆ ఏర్పాటుకు థంబ్ అని పేరు పెట్టారు. 1997లో ప్రకటించిన నోకియా 6110లో ఆ రకం ప్రాసెసర్ ఉంది. అక్కడి నుంచి ఆర్మ్ దాదాపు ప్రతి మొబైల్ ఫోన్‌లోకీ చేరింది.

ఇంటెల్ కూడా పైకి తన పాత జాబితాను అట్టిపెట్టుకుని, 1995 నాటి పెంటియం ప్రో నుంచి లోపల మాత్రం పెద్ద ఆదేశాలను చిన్న ముక్కలు చేసి నడపడం మొదలుపెట్టింది. ఆర్మ్ జాబితా ఇటువైపు ఏటేటా లావెక్కుతూ వచ్చింది. వీడియోకు కొన్ని, రహస్య లిపికి కొన్ని, కృత్రిమ మేధకు ఇంకొన్ని. 2010లో బర్క్‌లీలో క్రస్టే అసనోవిచ్ తన విద్యార్థులతో, ప్యాటర్సన్‌తో కలిసి మళ్లీ మొదటికొచ్చి రిస్క్-ఫైవ్ మొదలుపెట్టాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మద్రాసు ఐఐటీలో రూపొందిన శక్తి ప్రాసెసర్లకు ఇదే ఆధారం. మూల జాబితాలో ఆదేశాలు యాభై లోపే, వాటికి తాళం వేశారు. ఇంకేం కావాలన్నా అనుబంధంగా, విడిగా, అక్కర ఉన్నవాళ్లే చేర్చుకోవాలి. ఆ అనుబంధాల జాబితా మాత్రం అప్పుడే చాలా పొడుగైంది.