అట్ట ప్రూఫు పరిశీలన

పుస్తకం అట్టను అచ్చుకు పంపేముందు దానిపై అక్షరాలు, అంకెలు, కొలతలు, రంగులను చివరిసారిగా సరిచూసే పనిని అట్ట ప్రూఫు పరిశీలన అంటారు. తెలుగు ప్రచురణలో అట్టకు ప్రాముఖ్యం తెచ్చినవాటిలో మచిలీపట్నం, సికింద్రాబాద్, మద్రాసు చిరునామాలతో వెలువడిన ఎం. శేషాచలం అండ్ కంపెనీ (ఎమెస్కో) పుస్తకాలు, బాపు (1933–2014) ముఖచిత్రాలు ముఖ్యమైనవి.

లోపలి పేజీలను పలుమార్లు దిద్దుతారు. అట్ట మాత్రం తరచు డిజైనర్ దగ్గర విడిగా తయారవుతుంది. శీర్షిక అక్షరాలను బొమ్మగా మార్చాక అందులోని తప్పును కంప్యూటర్ పట్టలేదు. యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చినప్పుడు ఒత్తులు చెదరవచ్చు. తెలుగును సరిగా చూపలేని సాఫ్ట్‌వేర్‌లో ‘స్త్రీ’ విడిపోయి ‘స్‌త్‌రీ’గా పడుతుంది. అందుకే శీర్షికను, రచయిత పేరును అక్షరమక్షరంగా చదవడం అన్నిటికన్నా కీలకం.

అక్షరాల తర్వాత కొలతలు చూడాలి. 0.1 మిల్లీమీటరు మందం ఉన్న కాగితంపై 240 పేజీల పుస్తకానికి వెన్ను సుమారు 12 మిల్లీమీటర్లు. 16 పేజీల ఫారం ఒకటి పెరిగితే మరో 0.8 మిల్లీమీటరు కలుస్తుంది. కోతకు చుట్టూ సాధారణంగా 3 మిల్లీమీటర్లు వదులుతారు.

ఐఎస్‌బీఎన్‌కు (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) 2007 జనవరి 1 నుంచి 13 అంకెలు. మొదటి 12 అంకెలను వరుసగా 1, 3లతో మార్చి మార్చి గుణించి కూడి, చివరి అంకెను కలిపితే వచ్చే మొత్తం 10తో నిశ్శేషంగా భాగింపబడాలి. బార్‌కోడ్ కింది సంఖ్య, లోపలి ప్రచురణ వివరాల పేజీలోని సంఖ్య ఒకటే కావాలి.