డివైస్ ట్రీ: హార్డ్‌వేర్ భాగాలకు పేర్లు, వివరాలు

బోర్డు మీద ఏ చిప్ ఉంది, దానిలోని ఏ భాగం ఏ అడ్రసులో ఉంది, ఇంటరప్ట్ లైను ఏది, క్లాక్ ఎక్కడి నుంచి వస్తుంది అన్న వివరాలను చెట్టు ఆకారంలో పేర్చి ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందించే పట్టికే డివైస్ ట్రీ. పీసీలో పీసీఐ కార్డును అడిగితే తానెవరో అదే చెబుతుంది. ఎంబెడెడ్ చిప్ లోపలి సీరియల్ పోర్టుకు ఆ నోరు లేదు. దాని గురించి ఎవరో ఒకరు ముందే రాసిపెట్టాలి.

ఈ పద్ధతి పుట్టిల్లు సన్ మైక్రోసిస్టమ్స్. 1989 నాటి స్పార్క్‌స్టేషన్ 1లో మిచ్ బ్రాడ్లీ రూపొందించిన ఓపెన్‌బూట్ ఫర్మ్‌వేర్, ఫోర్త్ భాష సాయంతో, ఇలాంటి చెట్టును తయారుచేసేది. 1994లో అది ఓపెన్ ఫర్మ్‌వేర్ పేరుతో ఐఈఈఈ 1275 ప్రమాణమైంది. యాపిల్, ఐబీఎం పవర్‌పీసీ యంత్రాల్లోకీ వెళ్లింది.

తొలినాటి పేర్లు మాత్రం గజిబిజిగా ఉండేవి. సన్ యంత్రాల్లో ఈథర్‌నెట్ భాగం పేరు ‘ఎల్‌ఈ’, స్కజీ భాగం పేరు ‘ఈఎస్‌పీ’. రెండూ ఆయా చిప్‌ల పేర్ల నుంచి తుంచిన ముక్కలే. ఆ పేరును బట్టే డ్రైవర్‌ను వెతికితే చిప్ మారినప్పుడల్లా చిక్కే. అందుకే పనులను విడదీశారు. చెట్టులో ఒక్కో భాగానికి ఉండే నోడ్ పేరు ఆ భాగం చేసే పని చెబితే చాలు: సీరియల్, ఈథర్‌నెట్, ఆర్‌టీసీ (గడియారం). అది ఫలానా చిప్‌దని చెప్పే బాధ్యత నోడ్‌లో రాసే ‘కంపాటిబుల్’ అనే ప్రాపర్టీది. ఈ రంగంలో ఇంతకన్నా తెలివైన నిర్ణయం మరొకటి జరగలేదనే చెప్పాలి.

పూర్తి ఓపెన్ ఫర్మ్‌వేర్ చిన్న బోర్డులకు మోయలేని బరువు. 2005లో బెంజమిన్ హెరెన్‌ష్మిట్ తదితరులు లినక్స్ పవర్‌పీసీ విభాగంలో చెట్టును మాత్రమే ఉంచి ఫర్మ్‌వేర్‌ను పక్కన పెట్టారు. టెక్స్ట్‌గా రాసిన వివరణను ‘డీటీసీ’ అనే కంపైలర్ బైనరీగా మారుస్తుంది. ఆ బైనరీ మొదటి నాలుగు బైట్లను హెక్సాలో రాస్తే ‘డూడ్ ఫీడ్’ అని చదువుకోవచ్చు, ఇంజనీర్ల చిలిపితనం! 2008లో పవర్.ఆర్గ్ సంస్థ ఈ రూపానికి ఈపాపర్ అనే ప్రమాణం ప్రకటించింది.

ఆర్మ్ లోకంలో అప్పటికి ప్రతి బోర్డుకూ ఒక సీ ఫైలు, ఒక మెషీన్ నంబరు ఉండేవి. ఈ ఫైళ్ల రద్దీపై 2011లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ గట్టిగానే విరుచుకుపడ్డారు. అంతకుముందే గ్రాంట్ లైక్లీ తదితరులు మొదలుపెట్టిన డివైస్ ట్రీ మార్పిడి ఆ దెబ్బతో ఊపందుకుంది. 2012 డిసెంబరులో వచ్చిన లినక్స్ 3.7తో ఒకే కెర్నెల్ వేర్వేరు కంపెనీల ఆర్మ్ చిప్‌ల మీద బూట్ కావడం మొదలైంది.

ఉదాహరణకు ఐ.ఎంఎక్స్6 చిప్‌లోని మొదటి సీరియల్ పోర్టునే చూద్దాం. నోడ్ పేరు ‘సీరియల్@2020000’. @ తర్వాతిది రిజిస్టర్ల మొదటి అడ్రసు, హెక్సాలో. అదే అడ్రసు ‘రెగ్’ ప్రాపర్టీలోనూ ఉండాలి. కంపాటిబుల్‌లో రెండు పేర్లు: ముందు ‘ఎఫ్‌ఎస్‌ఎల్,ఐఎంఎక్స్6క్యూ-యూఆర్ట్’, తర్వాత ‘ఎఫ్‌ఎస్‌ఎల్,ఐఎంఎక్స్21-యూఆర్ట్’. మొదటిదానికి డ్రైవర్ దొరక్కపోతే పాత చిప్‌దైన రెండోది ఆదుకుంటుంది. ‘ఐఎంఎక్స్6ఎక్స్’ అంటూ చిప్‌లన్నిటినీ కలిపేసే పేరును లినక్స్ నిర్వాహకులు ఒప్పుకోరు. రేపు వచ్చే చిప్ అదే తీరున ఉంటుందన్న హామీ ఎవరిస్తారు?

కామాకు ముందున్న ‘ఎఫ్‌ఎస్‌ఎల్’ తయారీదారు ఇంటిపేరు లాంటిది. అది సూచించే ఫ్రీస్కేల్ కంపెనీ 2015లో ఎన్ఎక్స్‌పీలో కలిసిపోయింది. అయినా ఆ తర్వాత పుట్టిన ఐ.ఎంఎక్స్8 చిప్‌లకూ ఎఫ్‌ఎస్‌ఎలే రాశారు. ఒకసారి వాడుకలోకి వచ్చిన పేరు బోర్డుకూ కెర్నెల్‌కూ మధ్య ఒప్పందం. దాన్ని మార్చితే పాత ఫర్మ్‌వేర్‌తో వచ్చిన బోర్డులు కొత్త కెర్నెల్‌తో పనిచేయకపోవచ్చు.

ఈపాపర్ స్థానంలో 2016లో డివైస్‌ట్రీ స్పెసిఫికేషన్ వచ్చింది. నోడ్ పేరులో @కు ముందున్న భాగం 31 అక్షరాలు దాటకూడదని అది చెబుతుంది. ఏ భాగానికి ఏ ప్రాపర్టీలు రాయాలో చెప్పే ‘బైండింగ్’లు మొదట మామూలు టెక్స్ట్‌లో ఉండేవి, తప్పులు మనిషి కంటికి చిక్కాల్సిందే. 2019 ప్రాంతం నుంచి లినక్స్‌లో వాటిని యామల్ స్కీమాలుగా మారుస్తున్నారు, తనిఖీ యంత్రమే చేస్తుంది. యూ-బూట్, ఫ్రీబీఎస్‌డీ కూడా ఈ చెట్లనే వాడతాయి. చెట్టును చదువుకునేంత మెమరీ లేని మైక్రోకంట్రోలర్ల కోసం జెఫిర్ ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని బిల్డ్ సమయంలోనే సీ మాక్రోలుగా మార్చేస్తుంది. అప్పుడు కంపాటిబుల్ పేరులోని కామా, హైఫన్ రెండూ అండర్‌స్కోర్లవుతాయి.