దేవగన్నేరు మనదైన కథ

అమలాపురమునుండి రాజోలుకుగాని, కొత్తపేటకుగాని పోవు దారిలో కొబ్బరితోటల నడుమ గుడి కనబడినచో, ప్రాకారము చెంత తరచుగా ఒక పొట్టిచెట్టును కనబడును. శీతకాలమున ఆకు రాల్చి మోడువలె నిలుచును. వేసవిలో ఆ మొద్దుకొమ్మల కొనలయందే పసుపుపచ్చని నడుమ గల తెల్లని పూలు గుత్తులుగా విచ్చును. అదే దేవగన్నేరు. పేరున దేవుడున్నాడు, ప్రక్కన గుడి యున్నది. కనుక ఇది పురాణకాలపు చెట్టని మేమును చాలకాలము తలచితిమి.

చరిత్ర వేరొక మాట చెప్పుచున్నది. దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, కరిబియన్ దీవులు. 1492 తరువాత ఐరోపావారి ఓడలు తిరుగజొచ్చిన పిదపనే ఇది తూర్పుదేశములకు వచ్చినది. ఆ దీవుల మొక్కలను పరిశీలించిన ఫ్రెంచి సన్న్యాసి షార్ల్ ప్లూమియే (1646–1704) పేరిట దీనికి ప్లుమేరియా యను శాస్త్రనామము కలిగినది. 1753లో లిన్నేయసు ఆ పేరునే గ్రహించెను.

పరదేశపు చెట్టును మనవారు పరాయిగా చూడలేదు. గన్నేరుపూవునకువలె దీనికిని ఐదు రేకులు మెలితిరిగి యుండును. ఆ పోలిక పట్టి దీనిని గన్నేరులలో చేర్చి, ముందు దేవశబ్దము నుంచిరి. ఆ పోలిక వట్టిది కాదు. వృక్షశాస్త్రమును గన్నేరును, నందివర్ధనమును, దీనిని ఒకే కుటుంబముగా నెన్నుచున్నది. సింహళమునందును ఇది ఆలయముల చెంతకే చేరినది.

పెంచుట సులభము. మూరెడు కొమ్మను కోసి, పాలు ఆరువరకు వారము పది దినములు నీడ నుంచి, పిదప నాటవలెను. వెంటనే నాటినచో మొదలు కుళ్లును. ఆ పాలు కంట పడరాదు. కోనసీమలో నేల తేమ హెచ్చు గనుక ఇసుక కలిపిన దిబ్బపై నాటుట మేలు. చలిదేశములవారు దీనిని కుండీలలో పెంచి, శీతకాలమున ఇంటిలోనికి చేర్చుకొందురు.

1996 నవంబరు తుపానున కోనసీమలో కొబ్బరిచెట్లు లెక్కకు మించి కూలినవి. కూలిన కొబ్బరి మరల లేవదు. దేవగన్నేరు అట్లు కాదు. చెట్టు పడినను, కొమ్మ నాటినచో ఆ చెట్టే మరల పూయును. తాతగారి పెరటి చెట్టే మనుమని పెరట నుండవచ్చును. అయితే, ఆ కొమ్మ నెవరైన తీసి నాటవలెను గదా! ఇల్లు కట్టుటకో, గుడిముంగిట రాయి పరచుటకో చెట్టు కొట్టవలసివచ్చినపుడు, ఒక్క కొమ్మ నీడన దాచుడని మా మనవి. సముద్రములు దాటి వచ్చిన అతిథిని మన పెద్దలు దేవుని చెంత నిలిపిరి. దానిని నిలుపుకొనుట మన వంతు.