మల కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష (పిల్లల్లో)

పేగు వాచినప్పుడు అక్కడ చేరే న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాల్లోని మాంసకృత్తు కాల్‌ప్రొటెక్టిన్. ఇది మలంలో ఎంతుందో కొలిస్తే క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ అనే దీర్ఘకాలిక పేగు జబ్బులున్న పిల్లల్లో పేగువాపు ఆనవాలు దొరుకుతుంది. నార్వే పరిశోధకులు 1992లో మలంలో దీన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. పరీక్షకిచ్చే డబ్బా మూతకే అతికి ఉండే బుల్లి చెంచాతో కాస్త మలం తీసిస్తే చాలు. సూది లేదు, మత్తు లేదు. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపుంటే వాపు ఉండే అవకాశం తక్కువ. నాలుగేళ్లలోపు పిల్లల్లో, ముఖ్యంగా చంటివాళ్లలో, ఈ అంకె సహజంగానే ఎక్కువ.

వరంగల్ మట్టెవాడ లాంటి చోట దీనివల్ల ఏం లాభమన్న అభ్యంతరం ఉంది. ఎందుకంటే జిగట విరేచనాలకూ, పేగు క్షయకూ, కొన్ని నొప్పి మాత్రలకూ అంకె పెరుగుతుంది. నిజమే, ఎక్కువ అంకె జబ్బు పేరు చెప్పదు. కానీ తక్కువ అంకె చాలామంది పిల్లలకు కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) తప్పిస్తుంది. జబ్బు ముందే తేలిన బిడ్డకైతే ఒక్క అంకె కన్నా, నెలల తరబడి ఆ బిడ్డవే అంకెల వరుస ఎటు పోతోందన్నది ముఖ్యం. కడుపునొప్పి లేకున్నా అంకె ఎగబాకుతుంటే మందు సంగతి మళ్లీ చూడాల్సిందే.