మలోతి కొండల పల్లె: యాత్రికుని దృష్టి, చరిత్ర దృష్టి

పరదేశపు పల్లెను చూడబోయిన యాత్రికుడు సాధారణంగా రెండు విధాలుగా తప్పుదారి పడతాడు. తనకు తెలియని దానిని అనాగరికమని ఈసడించడం మొదటిది. తనకు నచ్చిన దానిని సనాతనమని కీర్తించడం రెండవది. మొదటి దోషం వలస ప్రభుత్వాల కాలంనాటి రచయితలలో విరివిగా కనిపిస్తుంది. దానిని ఈనాడు గుర్తుపట్టడం కష్టం కాదు. రెండవది సానుభూతి వేషంలో వస్తుంది గనుక సులువుగా పట్టుబడదు. ఆఫ్రికా దక్షిణ భాగంలోని లెసోతో అనే చిన్న దేశపు కొండ పల్లెలను గూర్చిన రాతలలో ఈ రెండవ దోషమే హెచ్చు. ఆ పల్లెను చరిత్ర దృష్టితో చూస్తే ఏమి కనిపిస్తుందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లెసోతో వైశాల్యం సుమారు 30,000 చదరపు కిలోమీటర్లు. నాలుగు దిక్కులా దక్షిణాఫ్రికా రిపబ్లిక్కే ఆవరించి ఉంది. ఆ దేశంలో అతి పల్లపు చోటు కూడా సముద్రమట్టానికి ఇంచుమించు 1,400 మీటర్ల ఎత్తున ఉన్నది. రాజధాని మసేరు నుంచి ఆగ్నేయంగా కొండలెక్కి పోతే 2,200 మీటర్ల ఎత్తు దాటాక సెమోంకోంగ్ అనే ఊరు వస్తుంది. పొగ ఉన్న చోటు అని ఆ పేరుకు అర్థం. దగ్గరలోనే 192 మీటర్ల లోతుకు దూకే మాలెత్సున్యానే జలపాతం నుంచి లేచే తుంపరే ఆ పొగ. చుట్టుపట్ల పల్లెలన్నీ దాదాపు ఒకే తీరు. రాతి గోడల గుండ్రని ఇళ్లు, పైన గడ్డి కప్పు. గోడలకు మన్నూ పేడా కలిపి మెత్తి, ఆ తడిలోనే ఆడవాళ్లు వేళ్లతో గీతలు దిద్దుతారు. ఆ ముగ్గులను లితేమా అంటారు. ఇంటి ముందు రాళ్లు పేర్చిన పశువుల దొడ్డి. కర్రకు తెల్లగుడ్డ కట్టి ఉంటే ఆ ఇంట్లో జొన్న బీరు అమ్మకానికి సిద్ధమని గుర్తు. తినడానికి మొక్కజొన్న సంకటి, దానితో ఆకుకూర. ఎదురైన మనిషి ‘ఖోత్సో’ అని పలకరిస్తాడు. శాంతి అని దాని అర్థం. భుజాన కంబళి, తలపై కొనదేరిన గడ్డి టోపీ, కింద పొట్టి గుర్రం. యాత్రికుని కన్ను వీటిమీద నిలుస్తుంది. యుగయుగాలుగా మారని జీవితాన్ని చూశానని సంతృప్తిపడి అతడు తిరిగిపోతాడు.

కాని ఈ చిత్రంలోని వస్తువులను ఒక్కొక్కటిగా తీసి వయస్సు అడిగితే వచ్చే సమాధానం వేరు. గుర్రం ఆ కొండలకు వచ్చింది 1830 ప్రాంతంలో, కేప్ వలస నుంచి. కంబళి ఇంగ్లండు మిల్లులలో నేసి వర్తకులు తెచ్చి అమ్మిన సరుకు. 1860 తర్వాతనే అది క్రమంగా తోలు దుప్పట్లను తోసివేసి జాతీయ వస్త్రమైంది. మొక్కజొన్న అమెరికా పంట, ఆ నేల పాత ధాన్యం జొన్న. ఉన్ని గొర్రెలూ, మొహైర్ మేకలూ ప్రపంచ మార్కెట్టు కోసం వచ్చినవి. అంతెందుకు, పల్లె కూడా పాతది కాదు. ఎత్తైన మలోతి లోయలు పూర్వం శాన్ వేటగాళ్ల సంచార భూములు. వారు గీసిన బొమ్మలు రాతి గుహల గోడలపై ఇంకా ఉన్నాయి. పల్లపు ప్రాంతాల బసోతోలు వేసవి మేతకూ, వేటకూ మాత్రమే అక్కడికి ఎక్కేవారు. సెమోంకోంగ్ 1880లలో వెలసింది. యుద్ధంలో ఇళ్లూ వాకిళ్లూ పోగొట్టుకున్నవారు తలదాచుకోను అక్కడికి చేరారు. అనగా యాత్రికుడు ఆదిమ గ్రామమని మురిసిన ఆ ఊరు కింబర్లీ వజ్రాల గనులకంటే వయసులో చిన్నది.

ఈ మనుషులు కొండలెక్కవలసిన అవసరం ఎందుకు వచ్చింది? దీనికి సమాధానం బసోతో జాతి పుట్టుకలోనే ఉంది. 1820లలో లిఫాకానె అని పిలిచే యుద్ధాలూ, కరువులూ ఆ ప్రాంతాన్ని చిన్నాభిన్నం చేశాయి. మొష్వేష్వే అనే నాయకుడు 1824లో తన జనంతో థాబా బోసియు అనే బల్లపరుపు కొండకు చేరాడు. ఆ ప్రయాణంలో అతని తాత పీటేను నరభక్షకులు పట్టి తిన్నారు. తరువాత వారు చేజిక్కినప్పుడు మొష్వేష్వే వారిని చంపలేదు. తన తాతకు వారే సమాధి గనుక ఆ సమాధిని చెరపనన్నాడని ప్రతీతి. ఈ కథను ఔదార్యానికి దృష్టాంతంగా చెప్పడం పరిపాటి. ఔదార్యం నిజమే కావచ్చు. కాని దాని వెనుక ఆర్థిక సూత్రం కూడా ఉంది. చెల్లాచెదరైన జనానికి అతడు మఫీసా పద్ధతిపై పశువులను అప్పిచ్చాడు. పాలూ, దుక్కీ పెంచుకున్నవానివి. పశువూ, దాని సంతానమూ దొరవి. శరణార్థి ఆ విధంగా ప్రజ అయినాడు. ఇది ఆదుకునే పద్ధతీ, అధీనంలో ఉంచుకునే పద్ధతీ కూడా. పిత్సో అనే బహిరంగ సభలో సామాన్యుడు నాయకుని ముఖం మీద విమర్శించే హక్కు ఉండేది. మంద మాత్రం నాయకునిదే. ప్రాచీన సమాజాన్ని సమానత్వ స్వర్గంగా చిత్రించేవారు ఈ రెండవ అంశాన్ని మరువరాదు.

1833లో ఫ్రెంచి ప్రొటెస్టంటు మిషనరీలు కసాలిస్, అర్బూసే, గొసెలిన్ వచ్చారు. ఈ కొండలను గూర్చి ఐరోపావారి మొదటి యాత్రా రచనలలో కొన్ని వీరివే. అర్బూసే 1836లో నదుల పుట్టుచోట్లను వెదుకుతూ పోయాడు. 1840లో మొష్వేష్వేతో కలిసి మలోతి కొండలెక్కాడు. అంతలోనే పడమటి నుంచి బోయర్ రైతులు తుపాకులతో వచ్చారు. 1858లోనూ, 1865 నుంచి 1868 వరకూ ఆరెంజ్ ఫ్రీ స్టేటుతో యుద్ధాలు జరిగాయి. పంటలు తగలబడి, పశువులు పోయి, దిక్కుతోచక మొష్వేష్వే బ్రిటిషు రక్షణ కోరాడు. 1868 మార్చి 12న అది లభించింది. 1869 అలివాల్ నార్త్ ఒప్పందంలో మొహోకారే నదికి పడమటనున్న సారవంతమైన పొలాలు శాశ్వతంగా చేజారాయి. మరుసటి ఏడు మొష్వేష్వే మరణించాడు. దేశం మిగిలింది, పొలం పోయింది. కొండ పల్లె పుట్టుకకు అసలు కారణమిదే.

ఐనా బసోతో రైతు వెంటనే కూలిపోలేదు. ఈ విషయం చాలామందికి తెలియదు. కింబర్లీలో వజ్రాలు బయటపడగానే అక్కడి గని పట్టణానికి తిండి పెట్టినవారిలో అతడొకడు. 1873లో సుమారు లక్ష బస్తాల ధాన్యం ఆ దేశం నుంచి ఎగుమతి అయింది. యువకులు కొన్ని నెలలు గనులలో పనిచేసి తుపాకులు కొని తెచ్చుకునేవారు. ఆ తుపాకులను అప్పగించమని 1880లో కేప్ ప్రభుత్వం ఆజ్ఞాపించినప్పుడు బసోతోలు తిరగబడ్డారు. ఆ యుద్ధంలో కేప్ ప్రభుత్వం నెగ్గలేకపోయింది. 1884లో దేశాన్ని నేరుగా బ్రిటన్‌కు అప్పగించి తప్పుకుంది. ఆయుధం నిలిచింది గాని గాదె నిలువలేదు. రైళ్లు వచ్చి దూరదేశాల చవక ధాన్యాన్ని గని పట్టణాలకు చేర్చాయి. 1896-97లో పశుమారి మందలను ఊడ్చివేసింది. ఉన్న కొద్ది నేల మీద జనసమ్మర్దం పెరిగింది. వాలు భూములను దున్నినందువల్ల మన్ను కొట్టుకుపోయి లోతైన గండ్లు పడ్డాయి. వాటిని అక్కడ డొంగాలంటారు. యాత్రికుడు తీసే ఛాయాచిత్రంలో అవి కూడా అందంగానే పడతాయి.

దీనికితోడు గుడిసె పన్ను ఉండనే ఉంది. ఇంటికి పది షిల్లింగులు నగదుగా కట్టవలసి రావడంతో నగదు దొరికే చోటికి మనిషి పోక తప్పలేదు. 1886లో విట్‌వాటర్స్‌రాండులో బంగారం దొరికిన తర్వాత ఆ చోటు జొహన్నెస్‌బర్గ్ అయింది. పన్నును కూలీల ఏజెంటుగా వాడుకోవడం ఒక్క బసోతోల విషయంలోనే జరగలేదు. మలోతి కొండలకు తూర్పున నిటారుగా దిగితే నాటాల్ వస్తుంది. 1860లో మద్రాసు రేవు నుంచి ‘ట్రూరో’ ఓడతో ఆరంభమై 1911 వరకు సాగిన ఒప్పంద కూలి రవాణాలో తెలుగువారు వేల సంఖ్యలో అక్కడి చెరకు తోటలకు చేరారు. గడువు తీరినవారు స్వతంత్రంగా బ్రతకకుండా, మళ్లీ ఒప్పందంలోకి దిగేటట్లు 1895లో మూడు పౌన్ల పన్ను విధించారు. కొండకు ఈవైపున గుడిసె పన్ను, ఆవైపున తలపన్ను. రెండింటి పనీ ఒకటే.

1913 భూచట్టంతో దక్షిణాఫ్రికాలో నల్లవారు భూమి కొనే దారి దాదాపు మూసుకుపోయింది. అప్పటినుంచి లెసోతో పల్లె గనులకు మనుషులను పెంచి పంపే చోటుగా స్థిరపడింది. బాల్యంలో పోషణ పల్లెది, యౌవనంలో శ్రమ గనిది, రోగమూ వృద్ధాప్యమూ తిరిగి పల్లెవే. ఈ లెక్కలో గని యజమానికి మిగిలినదెంతో ఊహించవచ్చు. 1980ల చివర లక్షమందికి పైగా బసోతోలు గనులలో ఉండేవారు. 1974 నాటి చట్టం ప్రకారం వారి జీతంలో 60 శాతం స్వదేశపు బ్యాంకులో జమకావలసి ఉండేది. 1990ల నుంచి గనులు వారిని పెద్ద ఎత్తున తొలగించాయి. ఊపిరితిత్తులలో రాతి దుమ్ము పేరుకొని రోగులైన కార్మికులకు కంపెనీలు సుమారు 500 కోట్ల రాండ్లు చెల్లించే రాజీని జొహన్నెస్‌బర్గ్ హైకోర్టు ఆమోదించింది 2019లో! అప్పటికి ఎందరు మట్టిలో కలిసిపోయారో!

ఇది తెలిసిన తర్వాత పల్లె మరొక విధంగా కనిపిస్తుంది. పొలంలో ఆడవాళ్లే ఎందుకున్నారో, ఆరేడేళ్ల పిల్లవాడు కంబళి కప్పుకొని మంద వెంట ఎందుకు పోతున్నాడో అర్థమవుతుంది. ఆ దేశంలో అక్షరాస్యత పురుషులకంటే స్త్రీలలో ఎక్కువ. మగపిల్లవాడు మంద వెంట పోతే ఆడపిల్ల బడికి పోయింది. 2000 నుంచి ప్రాథమిక విద్యను అంచెలంచెలుగా ఉచితం చేసినా, ఎత్తైన మేత స్థావరాలలో నెలల తరబడి గడిపే కాపరికి బడి దూరంగానే ఉంది.

నిపుణులు కూడా యాత్రికునికంటే ఎక్కువేమీ చూడలేదు. ప్రపంచ బ్యాంకు 1975లో వెలువరించిన నివేదిక ఆ దేశాన్ని ఆధునిక ఆర్థికాభివృద్ధి సోకని సంప్రదాయ రైతు సమాజంగా వర్ణించింది. నూరేళ్లుగా గని కూలీలను పంపుతున్న దేశాన్ని గూర్చి రాసిన మాట అది! ఆ ఊహ మీద థాబా-త్సేకా కొండ ప్రాంతంలో 1975 నుంచి 1984 వరకు ఒక పెద్ద అభివృద్ధి పథకం నడిచింది. పశువులను మార్కెట్టుకు తోలమని చెప్పారు. రైతులు తోలలేదు. దానిని మౌఢ్యమన్నారు. జేమ్స్ ఫెర్గూసన్ 1990లో ప్రచురించిన గ్రంథంలో దాని అసలు కారణాన్ని విప్పి చూపాడు. గని కూలీకి పశువు ముసలితనపు భరోసా. జీతంగా వచ్చిన రొక్కం చుట్టాల అవసరాలకు ఇట్టే కరిగిపోతుంది, పశువు అంత సులువుగా కరగదు. ఆ పశువు లేని ముసలివాడికి ఏ పింఛను పథకం అన్నం పెట్టేది? మౌఢ్యం రైతుది కాదు, నివేదికది.

ఈ ప్రజలు నోరు మెదపక భరించారనుకోవడం కూడా పొరపాటే. 1919లో జోసియెల్ లెఫేలా స్థాపించిన లెఖోట్లా లా బాఫో, అనగా సామాన్యుల సభ, వలస అధికారులనూ, వారికి లొంగిన దొరలనూ కలిపి ఎదిరించింది. సాహిత్యమూ అప్పటికే తల ఎత్తింది. థామస్ మొఫోలో 1907లో అచ్చువేసిన మొదటి నవల పేరే ‘తూర్పు దిక్కు యాత్రికుడు’. షాకాపై అతడు రాసిన గొప్ప నవలను మిషన్ ముద్రణాలయం ఏళ్ల తరబడి తొక్కిపట్టి 1925లో గాని వెలువరించలేదు. ఆ రచయితే తర్వాత గనులకు కూలీలను కుదిర్చే ఏజెంటుగా పనిచేశాడు. దక్షిణాఫ్రికాలో కొన్న పొలాన్ని భూచట్టం కింద పోగొట్టుకున్నాడు. 1948లో మరణించాడు. తన దేశ చరిత్రంతా అతని ఒక్క జీవితంలో ఇమిడిపోయింది.

1966 అక్టోబరు 4న స్వాతంత్ర్యం వచ్చింది. మనుషుల ఎగుమతి తగ్గాక నీటి ఎగుమతి మొదలయింది. 1986 ఒప్పందం ప్రకారం కట్టిన కాట్సే ఆనకట్ట ఎత్తు 185 మీటర్లు. 1998 నుంచి ఆ నీరు కొండల కింది సొరంగాల గుండా దక్షిణాఫ్రికా పరిశ్రమలకు పోతున్నది. ప్రభుత్వానికి రాయల్టీ వస్తున్న మాట వాస్తవం. మునిగిన పొలాలూ, మేత భూములూ మాత్రం కొండ పల్లెలవి. అదే 1998 సెప్టెంబరులో లెసోతోలో అలజడి రేగినప్పుడు దక్షిణాఫ్రికా సేనలు వచ్చి కాట్సే ఆనకట్టను పట్టుకున్నాయి. అక్కడ లెసోతో సైనికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ నీటికి ఎంత విలువ కట్టారో దీనినిబట్టి తెలుస్తుంది.

నేటి యాత్రికుడు గుర్రమెక్కి ఈ లోయలు తిరిగి, పల్లెలో ఒక రాత్రి పడుకొని, కొంత డబ్బు ఇచ్చిపోతాడు. అది గుర్రం యజమానికీ, వంటావిడకూ అవసరమైన డబ్బే. దానిని చిన్నచూపు చూడనక్కరలేదు. ఆ కొండల సౌందర్యాన్ని కాదనవలసిన పనీ లేదు. ఆక్షేపించవలసినది దృష్టిని. పేదరికాన్ని సనాతనమని చెబితే దానికి ఎవరూ బాధ్యులు కారు. పోగొట్టుకున్నవాడూ, కొల్లగొట్టినవాడూ ఇద్దరూ ఆ చిత్రంలోంచి తప్పుకుంటారు, ప్రకృతి దృశ్యం మాత్రం మిగులుతుంది. అదే పేదరికానికి 1869 అనీ, 1913 అనీ తేదీలు వేసినప్పుడు, మనుషులు చేసినదానిని మనుషులే మార్చగలరన్న మాట దానంతటదే రుజువవుతుంది. కనుక యాత్రా రచయిత పల్లెలో అడుగుపెట్టగానే అడగవలసిన ప్రశ్నలు మూడు. ఈ ఊరు ఎప్పుడు వెలసింది? ఇక్కడి మగవారు ఎక్కడికి పోయారు? ఈ ఏటి నీరు ఎవరికి చేరుతున్నది? ఇవి ఏ దేశపు పల్లెలోనైనా అడగదగిన ప్రశ్నలే. వీటికి జవాబు వెదకని యాత్రా రచన ఎంత మృదువుగా రాసినా, ఎంత ప్రేమగా రాసినా, ఆ పల్లెవారికి అన్యాయమే చేస్తుంది.