నేవీ ఉండగా కోస్ట్ గార్డ్ ఎందుకు? – భారత తీర రక్షక దళం: పుట్టుక, పాఠాలు, నేటి పని



ముందు ఒక చిన్న ప్రశ్న. భారత తీర రక్షక దళం ఏ మంత్రిత్వ శాఖ కింద పనిచేస్తుంది? బీఎస్‌ఎఫ్, ఐటీబీపీ, సీఐఎస్‌ఎఫ్‌లతో కలిపి చదివిన అలవాటు వల్ల 'హోం శాఖ' అని గుర్తు పెట్టేస్తాం. సరైన జవాబు రక్షణ శాఖ. ఇది కేంద్ర సాయుధ పోలీసు దళం కాదు, యూనియన్ సాయుధ దళం. అయితే చేసే పనిలో ఎక్కువ భాగం పోలీసు పనే. ఈ వైరుధ్యం ఎలా వచ్చిందో తెలిస్తే కోస్ట్ గార్డ్ చరిత్ర సగం అర్థమైనట్టే.

1970ల నాటి పరిస్థితి

1960లలో గల్ఫ్ నుంచి పశ్చిమ తీరానికి బంగారం దొంగరవాణా పెద్ద ఎత్తున సాగేది. కస్టమ్స్ శాఖకు వేగంగా వెంటాడే బోట్లు లేవు. సముద్రంలో తనిఖీలు చేసే పని తరచూ నేవీ మీద పడేది. నేవీకి ఇది ఇష్టమైన పని కాదు. యుద్ధ నౌకలను నడపడం ఖరీదైన వ్యవహారం. గస్తీకే కాలం గడిచిపోతే యుద్ధ శిక్షణ దెబ్బతింటుంది. పైగా ఒక విదేశీ చేపల పడవను యుద్ధ నౌక అడ్డగిస్తే చిన్న నేరం కాస్తా రెండు దేశాల మధ్య తగాదాగా మారవచ్చు.

ఇదే కాలంలో మరో రెండు మార్పులు వచ్చాయి. 1974లో బాంబే హై వద్ద చమురు దొరికింది. నడిసముద్రంలో నిలబడిన ప్లాట్‌ఫారాలకు కాపలా అవసరమైంది. 1976లో సముద్ర మండలాల చట్టం వచ్చింది. ప్రాదేశిక జలాలు 12 నాటికల్ మైళ్లు, ప్రత్యేక ఆర్థిక మండలం 200 నాటికల్ మైళ్లు అని అది నిర్దేశించింది. అదే ఏడాది 40వ రాజ్యాంగ సవరణతో 297వ అధికరణంలో ఈ మండలం చేరింది. అంటే 20 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా సముద్రంలోని సంపద మీద మనకు హక్కు వచ్చింది. దాన్ని అమలు చేసే ప్రత్యేక దళం మాత్రం లేదు.

రుస్తుంజీ కమిటీ

1974లో కె.ఎఫ్. రుస్తుంజీ అధ్యక్షతన కేంద్రం ఒక కమిటీ వేసింది. రుస్తుంజీ పోలీసు అధికారి, 1965లో ఏర్పడిన బీఎస్‌ఎఫ్‌కు తొలి అధిపతి. 1975లో ఇచ్చిన నివేదికలో ఆ కమిటీ ప్రత్యేక దళం కావాలని, అది రక్షణ శాఖ కింద ఉండాలని సిఫార్సు చేసింది. హోం శాఖ కింద పెట్టాలన్న వాదన కూడా ప్రభుత్వంలో నడిచింది. చివరికి ప్రధాని ఇందిరాగాంధీ రక్షణ శాఖ వైపే మొగ్గారు.

1977 ఫిబ్రవరి 1న తాత్కాలిక దళం మొదలైంది. చేతిలో ఉన్నవి నేవీ నుంచి వచ్చిన రెండు పాత యుద్ధ నౌకలు, ఐదు గస్తీ బోట్లు. తొలి డైరెక్టర్ జనరల్ వైస్ అడ్మిరల్ వి.ఎ. కామత్. 1978లో పార్లమెంటు కోస్ట్ గార్డ్ చట్టం చేసింది. ఆ ఏడాది ఆగస్టు 19న ప్రధాని మొరార్జీ దేశాయ్ దళాన్ని లాంఛనంగా ప్రారంభించారు. నినాదం 'వయం రక్షామః', అంటే 'మేము రక్షిస్తాం'.

చట్టంలోని 14వ సెక్షన్ చెప్పే విధులు గుర్తుంచుకోండి:

- సముద్రంలోని కృత్రిమ దీవులు, చమురు కట్టడాల రక్షణ
- మత్స్యకారులకు రక్షణ, ఆపదలో సాయం
- సముద్ర పర్యావరణ పరిరక్షణ, కాలుష్య నియంత్రణ
- దొంగరవాణా అరికట్టడంలో కస్టమ్స్‌కు సాయం
- సముద్ర చట్టాల అమలు
- ప్రాణ, ఆస్తి రక్షణ, శాస్త్రీయ సమాచార సేకరణ

రెండు నౌకలు, రెండు పాఠాలు

మొదటిది అలోండ్రా రెయిన్‌బో. 1999 అక్టోబరులో ఇండోనేషియా నుంచి సుమారు 7 వేల టన్నుల అల్యూమినియంతో జపాన్‌కు బయలుదేరిన ఈ ఓడను సముద్రపు దొంగలు పట్టుకున్నారు. సిబ్బందిని నడిసముద్రంలో వదిలేసి, ఓడ పేరు 'మెగా రామా'గా మార్చారు. నవంబరులో కోస్ట్ గార్డ్ నౌక తారాబాయి, నేవీ నౌక ప్రహార్ కలిసి అరేబియా సముద్రంలో దాన్ని వెంటాడి పట్టుకున్నాయి. 2003లో ముంబై సెషన్స్ కోర్టు దొంగలకు శిక్ష వేసింది. 2005లో బాంబే హైకోర్టు వారిని విడుదల చేసింది. సముద్రపు దొంగతనాన్ని ప్రత్యేక నేరంగా చెప్పే చట్టం అప్పటికి మనకు లేదు. సముద్రం మీద గెలిచిన కేసు కోర్టులో నిలవలేదు. ఆ లోటు తీర్చే సముద్రపు దొంగతనాల నిరోధక చట్టాన్ని 2022 డిసెంబరులోగాని పార్లమెంటు ఆమోదించలేదు.

రెండోది కుబేర్. 2008 నవంబరులో ముంబై మీద దాడి చేసిన ఉగ్రవాదులు ఈ గుజరాత్ చేపల బోటును హైజాక్ చేసి వచ్చారు. వేల బోట్ల మధ్య అదీ ఒక బోటులాగే కనిపించింది. 2009 ఫిబ్రవరిలో కేంద్రం బాధ్యతలను స్పష్టం చేసింది. మొత్తం సముద్ర భద్రత నేవీది. ప్రాదేశిక జలాల్లో తీర భద్రతకు, మెరైన్ పోలీసులతో సమన్వయానికి కోస్ట్ గార్డ్ బాధ్యత వహిస్తుంది. తీరం వెంట రాడార్ల వరుస, మత్స్యకారులకు బయోమెట్రిక్ కార్డులు, 'సాగర్ కవచ్' విన్యాసాలు ఆ తర్వాత వచ్చినవే.

నేటి పని

ప్రధాన కార్యాలయం ఢిల్లీలో ఉంది. ఐదు ప్రాంతీయ కేంద్రాలు గాంధీనగర్, ముంబై, చెన్నై, కోల్‌కతా, శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్)‌లలో ఉన్నాయి. మన ఆంధ్ర తీరం చెన్నై ప్రాంతం కిందికి వస్తుంది.

గాలింపు, రక్షణ కోసం మన దేశానికి కేటాయించిన సముద్ర ప్రాంతం దాదాపు 46 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆర్థిక మండలానికి రెట్టింపు కన్నా ఎక్కువ. సముద్రంలో ఆపద వస్తే పిలవాల్సిన నంబరు 1554. 2020లో శ్రీలంక తీరంలో న్యూ డైమండ్ అనే చమురు ఓడ తగలబడినప్పుడు, 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ కాలినప్పుడు మన కోస్ట్ గార్డ్ వెళ్లి మంటలు ఆర్పడంలో పాల్గొంది. పొరుగు దేశాలతో సంబంధాల గురించి రాసేటప్పుడు ఈ ఉదాహరణలు వాడండి. 2024 నవంబరులో అండమాన్ దగ్గర ఒక మయన్మార్ బోటులో 5 టన్నులకు పైగా మెథాంఫెటమిన్ పట్టుబడింది. ఒడిశా తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం ఏటా 'ఆపరేషన్ ఒలీవియా' నడుస్తుంది.

ఈ పనికి మూల్యం కూడా ఉంది. 2024 సెప్టెంబరులో పోర్‌బందర్ దగ్గర ఒక ఓడలో ఉన్నవారిని కాపాడటానికి రాత్రిపూట వెళ్లిన హెలికాప్టర్ సముద్రంలో కూలి ముగ్గురు సిబ్బంది చనిపోయారు.

మధ్యలో మత్స్యకారుడు

కుబేర్ తర్వాత ప్రతి చేపల బోటూ అనుమానించాల్సిన బోటే అయింది. అదే మత్స్యకారుడు తీర భద్రతకు 'కళ్లు, చెవులు' అని ప్రభుత్వమే అంటుంది. ఈ రెండూ ఒకే మనిషి గురించిన మాటలని మరవకండి.

మన దగ్గరి ఉదాహరణే చూడండి. సొంత తీరంలో సరైన హార్బర్లు, ఏడాది పొడవునా పని లేక శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్‌కు వలస వెళ్లి బోట్లెక్కుతారు. 2018 నవంబరులో అలా వెళ్లినవారిని పాకిస్తాన్ దళాలు సరిహద్దు దాటారని పట్టుకెళ్లాయి. వారిలో 20 మంది వాఘా మీదుగా తిరిగి వచ్చేసరికి 2020 జనవరి అయింది. ఇళ్లలో ఆడవాళ్లు ఏడాదికి పైగా ఎదురుచూశారు. నీటి మీద గీత కనిపించదు. వల ఎటు కొట్టుకుపోతే బోటు అటు పోతుంది. మనవాళ్లూ విదేశీ బోట్లను 1981 చట్టం కింద పట్టుకుంటారు. అందులోనూ ఉండేది ఎక్కువగా ఇలాంటి కూలీలే.

కాబట్టి కోస్ట్ గార్డ్ మీద జవాబు రాసేటప్పుడు నౌకల సంఖ్యతో ఆపేయకండి. అలోండ్రా రెయిన్‌బో చెప్పింది: నౌక ఉన్నా చట్టం లేకపోతే చాలదు. కుబేర్ చెప్పింది: నౌకా చట్టమూ రెండూ ఉన్నా, తీరం మీది మనిషి తోడు లేకపోతే చాలదు. హద్దు దగ్గర పడుతున్నప్పుడు హెచ్చరించే పరికరం ప్రతి బోటులో ఉండటం, ఊరి దగ్గరే హార్బరు ఉండటం కూడా తీర భద్రతలో భాగమే.

రాసి చూడండి (250 పదాలు): "తీర భద్రతలో మత్స్యకారులు రక్షణ పొందేవారు మాత్రమే కాదు, భాగస్వాములు కూడా." 2008 తర్వాతి సంస్కరణల వెలుగులో చర్చించండి.